ముందు దూరం చూడండి, తర్వాతే దుకాణం

భోగాపురంలో హైవే దిగి ముక్కాం వైపో, చేపలకంచేరు వైపో సముద్రం దాకా వెళ్లారనుకోండి. ఒక పక్క సరుగుడు తోపు, ఎదురుగా ఇసుక మీదికి లాగిన బోట్లు, ఇంకో పక్క కనుచూపు మేర తీరం. కెమెరా ఎత్తితే ఇందులో ఏదో ఒక ముక్కే పడుతుంది. అయిదారు ఫొటోలుగా తీసి, ఒకదానికొకటి అతికిస్తే మొత్తం దృశ్యం ఒక్క పనోరమాగా వస్తుందని మీకు తెలుసు. అయినా చేతులు ఆడవు. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? ట్రైపాడ్ కొనాలా? పనోరమా హెడ్ లేకుండా కుదురుతుందా? ఈ కెమెరా సరిపోతుందా? ఇన్ని ప్రశ్నల మధ్య చాలామంది తీయడం మానేస్తారు, లేదా అవసరం లేనివన్నీ కొనేస్తారు. ఈ అధ్యాయం చెప్పే మాట ఒక్కటే: అవన్నీ రెండో వరస ప్రశ్నలు. మొదటి ప్రశ్న వేరే ఉంది. మీ ఫ్రేములో అన్నిటికంటే దగ్గరగా ఉన్న వస్తువు మీకు ఎంత దూరంలో ఉంది? దీనికి జవాబు చెప్పగలిగితే ఏం కొనాలో, ఏం కొనక్కర్లేదో దానంతట అదే తేలిపోతుంది.

ఇంత శ్రమ ఎందుకు?

పద్ధతిలోకి వెళ్లే ముందు ఈ సందేహం తీర్చుకుందాం, ఎందుకంటే కారణం గట్టిగా లేకపోతే ఓపిక నిలవదు. 1878లో ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో నాబ్ హిల్ మీది ఒక భవంతి పైనుంచి 13 గాజుపలకల మీద నగరాన్ని చుట్టూ 360 డిగ్రీలు తీశాడు. 1906లో భూకంపం వచ్చి, దాని వెంట మంటలు లేచి ఆ నగరంలో చాలా భాగం పోయింది. ఏ వీధి పక్కన ఏ వీధి ఉండేదో, కొండ మీద నుంచి రేవు ఎలా కనిపించేదో చెప్పడానికి ఆ 13 ఫొటోలు మిగిలాయి. విడివిడి ఫొటోలు ఎన్ని ఉన్నా ఒక ఇల్లు, ఒక వీధి ఎలా ఉండేవో మాత్రమే చెబుతాయి. ఏది దేని పక్కన ఉండేదో చెప్పేది పనోరమాయే. ఇప్పుడు మన వైపు చూడండి. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయంతో భోగాపురం మండలం రూపే మారిపోతోంది. జీడిమామిడి, కొబ్బరి తోటలున్న నేల మీద రన్‌వే వచ్చింది. కొన్ని పల్లెలు ఖాళీ అయి, జనం పునరావాస కాలనీలకు తరలారు. రోడ్లు, లేఅవుట్లు, హోటళ్లు ఇంకా వస్తాయి. ఈ మార్పు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఈ రోజు మీ ఊరి చెరువుగట్టు మీద నిలబడితే చుట్టూ ఏం కనిపిస్తోందో పదేళ్ల తర్వాత చూపించగలిగేది మాత్రం ఈ రోజు తీసిన ఫొటోయే. దానికి ఊళ్లో ఉన్న మీకంటే తగినవాళ్లు ఎవరు?

గొడవంతా దూరానిదే

ఒక కన్ను మూసుకోండి. చూపుడువేలు ముఖానికి అడుగు దూరంలో పెట్టి, దాని వెనక దూరంగా ఉన్న కిటికీ అంచుతో కలిసేలా చూడండి. ఇప్పుడు తలను కొద్దిగా పక్కకు జరపండి. వేలు కిటికీ మీద నుంచి పక్కకు పోయింది కదా? కిటికీ అంచునూ దాని వెనక ఉన్న చెట్టునూ తీసుకుని అదే పని చేస్తే కదలిక చాలా తక్కువ. దీన్నే పారలాక్స్ అంటారు. పనోరమా కోసం కెమెరాను తిప్పుతున్నప్పుడు మీకు తెలియకుండానే లెన్సు కూడా పక్కకు జరుగుతుంది. అప్పుడు దగ్గర వస్తువు ఒక ఫొటోలో వెనకనున్న గోడకు ఎడమ పక్కన, తర్వాతి ఫొటోలో కుడి పక్కన పడుతుంది. రెండు ఫొటోలూ నిజమే చెబుతున్నాయి. కాకపోతే రెండు వేర్వేరు చోట్ల నుంచి చెబుతున్నాయి. వాటిని ఏ సాఫ్ట్‌వేర్ అతికించినా గోడ కుదిరితే స్తంభం విరుగుతుంది, స్తంభం కుదిరితే గోడ విరుగుతుంది.

ఎంత విరుగుతుందో లెక్క కడితే విషయం తేటపడుతుంది. మన స్టూడియోల్లో మామూలుగా కనిపించే 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ కెమెరా, దాంతో వచ్చే 18-55 లెన్సు తీసుకుందాం. 18 ఎంఎం దగ్గర పెట్టి, కెమెరాను నిలువుగా పట్టుకుని, ఫొటోకూ ఫొటోకూ 33 డిగ్రీల చొప్పున తిప్పుతున్నాం. తిరిగే ఇరుసు లెన్సు అసలు కేంద్రానికి 8 సెంటీమీటర్లు వెనకగా ఉందనుకోండి, మామూలు ట్రైపాడ్ మీద దాదాపు ఇలాగే ఉంటుంది. ఒక్కో మలుపుకు లెన్సు నాలుగున్నర సెంటీమీటర్లు జరుగుతుంది. దాని ఫలితంగా దూరంలో ఉన్న నేపథ్యంతో పోలిస్తే మీటరు దూరంలోని వస్తువు సుమారు 200 పిక్సెళ్లు తప్పుతుంది. 5 మీటర్ల దూరంలోది 40 పిక్సెళ్లు, 50 మీటర్ల దూరంలోది 4 పిక్సెళ్లు తప్పుతాయి. 200 మీటర్ల దూరంలోది ఒక్క పిక్సెల్ మాత్రమే. అదే కెమెరా, అదే లెన్సు, అదే సాఫ్ట్‌వేర్. మారింది దూరం ఒక్కటే. ఒక చోట ఫొటో పనికిరాకుండా పోయింది, ఇంకో చోట లోపం కంటికే కనిపించదు. సామాను కొనే ముందు దూరం చూడమని పట్టుబట్టడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మూడు దూరాలు, మూడు రకాల సామాను

1. అన్నీ 50 మీటర్లకు అవతలే ఉంటే చేతులే చాలు. ముక్కాం తీరంలో ముందు ఖాళీ ఇసుక, దూరంగా బోట్లు ఉన్న దృశ్యం, భీమిలి పావురాళ్లకొండ మీద నుంచి సముద్రం, శాలిహుండం కొండ మీద నుంచి వంశధార, ఇవన్నీ ఈ కోవలోవే. ట్రైపాడ్ లేదని ఇలాంటి చోట వెనుదిరిగి రావద్దు. కాళ్లు కదపకుండా, మోచేతులు పక్కలకు ఆనించి, కెమెరా మీ చుట్టూ కాకుండా మీరే కెమెరా చుట్టూ తిరుగుతున్నట్టు నిదానంగా తిరగండి. అయితే ఒక జాగ్రత్త. మీ కాళ్ల దగ్గరి ఇసుక కూడా దగ్గర వస్తువే. కెమెరాను కిందికి వంచకుండా దిగంతానికి సమంగా పట్టుకుంటే దగ్గరి నేల ఫ్రేములో తక్కువగా పడుతుంది.

2. దగ్గర వస్తువు 5 నుంచి 50 మీటర్ల మధ్య ఉంటే ట్రైపాడ్, రసమట్టం ఉన్న హెడ్ కావాలి. ఊరి మధ్య రచ్చబండ, బడి ఆవరణ, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర కూడలి, ఎర్రమట్టి దిబ్బల్లోని వాగులు ఇందులోకి వస్తాయి. ట్రైపాడ్ కొనే డబ్బు ఇప్పుడే లేకపోతే ఒక చవకైన ఉపాయం ఉంది. దారానికి చిన్న గుండు కట్టి, లెన్సు ముందు భాగానికి సరిగ్గా కింద వేలాడేలా బిగించండి. నేల మీద ఒక రాయి గుర్తు పెట్టుకుని, ప్రతి ఫొటోకూ గుండు ఆ రాయి మీదే ఉండేలా మీరు చుట్టూ తిరగండి. లెన్సు ఒక్కచోటే నిలుస్తుంది. గాలి మరీ ఎక్కువగా లేని రోజు ఈ దారం ఖరీదైన హెడ్‌కు చాలా దగ్గరి ఫలితం ఇస్తుంది.

3. దగ్గర వస్తువు 5 మీటర్ల లోపే ఉంటే పనోరమా హెడ్ తప్పదు. కోట వాకిలి లోపలి దారి, గుడి మండపం, పెళ్లిమండపం, హోటలు గది, ఇంటి లోపలి 360 డిగ్రీల టూర్ ఇవన్నీ ఇక్కడికే వస్తాయి. నోడల్ నింజా, నోవోఫ్లెక్స్ లాంటి సంస్థలు చేసే ఈ హెడ్ కెమెరాను వెనక్కి జరిపి, లెన్సు కేంద్రాన్ని సరిగ్గా ఇరుసు మీదికి తెస్తుంది. మీ పని తీరంలోనూ కొండల మీదా అయితే దీని జోలికి ఇప్పుడే వెళ్లకండి. హోటళ్లకూ ఇళ్లకూ ఫొటోలు తీసి సంపాదించాలనుకుంటే కొత్త కెమెరా కంటే ముందు ఇది కొనండి.

ఆ కేంద్రాన్ని వెతకడం కష్టమేమీ కాదు. మీటరు దూరంలో ఒక నిలువు కర్ర, దాని వెనక దూరంగా ఒక కరెంటు స్తంభం, రెండూ ఒకే గీత మీదికి వచ్చేలా కెమెరా పెట్టండి. ఇప్పుడు కెమెరాను కుడివైపు తిప్పండి. కర్ర స్తంభానికి ఎడమ పక్కకు జరిగితే కెమెరా ఇరుసు కంటే ముందుకు ఉన్నట్టు, కాస్త వెనక్కి జరపండి. కుడి పక్కకు జరిగితే ముందుకు జరపండి. ఎటు తిప్పినా రెండూ విడిపోని చోటే మీకు కావలసిన చోటు. జూమ్ మారిస్తే ఈ చోటూ మారుతుంది కాబట్టి 18 ఎంఎంకు ఎంత, 35 ఎంఎంకు ఎంత అని హెడ్ మీది కొలతను ఒక చీటీ మీద రాసి కెమెరా సంచిలో ఉంచుకోండి.

తీసేటప్పుడు

1. కెమెరాను నిలువుగా పట్టుకోండి. పనోరమా అడ్డంగా ఉంటుంది కదా అని అడ్డంగా పట్టుకోవడం చాలామంది అలవాటు. అలా తీస్తే రిబ్బన్‌లా సన్నగా వస్తుంది, అంచులు సరిచేసి కత్తిరించాక ఇంకా సన్నబడుతుంది. నిలువుగా తీస్తే ఆకాశం, నేల రెండూ దక్కుతాయి. 18 ఎంఎం దగ్గర నిలువు ఫ్రేము 47 డిగ్రీలు చూస్తుంది. 180 డిగ్రీలకు ఆరు ఫొటోలు చాలు. చుట్టూ కావాలంటే 30 డిగ్రీలకు ఒకటి చొప్పున 12.

2. ఫొటోకూ ఫొటోకూ మధ్య సుమారు 30 శాతం కలవాలి. ఫ్రేము కుడి అంచుకు మూడో వంతు లోపల ఉన్న చెట్టునో బోటునో గుర్తుపెట్టుకుని, తర్వాతి ఫొటోలో అది ఎడమ అంచు దగ్గరికి వచ్చేదాకా తిరగండి. ఇంతకంటే తగ్గితే సాఫ్ట్‌వేర్‌కు పోలికలు దొరకవు. మరీ పెంచితే ఫైళ్లు పెరుగుతాయి, అతుకులు పెరుగుతాయి, లాభం పెరగదు.

3. ఎక్స్‌పోజర్‌ను మాన్యువల్‌లో కట్టేయండి. మన తీరంలో సూర్యుడు సముద్రం మీద నుంచే లేస్తాడు కాబట్టి పొద్దున్నే సముద్రం వైపు కళ్లు చెదిరే వెలుగు, తోటల వైపు నీడ ఉంటాయి. ఆటోలో వదిలేస్తే కెమెరా ఒక్కో ఫొటోను ఒక్కో వెలుగులో తీస్తుంది, ఆకాశం చారలు చారలుగా వస్తుంది. అన్నిటికంటే వెలుగున్న భాగాన్ని చూసి ఎఫ్/8, ఐఎస్ఓ 100, దానికి తగిన షట్టర్ పెట్టుకుని చివరిదాకా ముట్టుకోకండి. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు సాయంత్రం నాలుగు తర్వాత తీయడం సులువు. సూర్యుడు వెనక నుంచి పడి సముద్రం, బోట్లు, ఇసుక దాదాపు ఒకే వెలుగులో ఉంటాయి.

4. వైట్ బ్యాలెన్స్ కూడా ఒక్కటే ఉండాలి. ఎండ గుర్తు మీద పెట్టేయండి. వీలైతే రా ఫైళ్లు తీయండి, రంగులన్నీ తర్వాత ఒకేసారి సరిచేసుకోవచ్చు.

5. ఫోకస్ ఒకసారి దూరం మీద కుదిరాక ఆటోఫోకస్ ఆపేయండి. లేకపోతే మధ్యలో ఒక ఫొటోలో కెమెరా దగ్గరి కొబ్బరాకును పట్టుకుని వెనకంతా మసక చేస్తుంది. ఆరింట్లో ఒకటి మసకైతే మిగతా అయిదూ దండగే.

6. కదిలేవాటిని అతుకు మీద పడనివ్వకండి. రెండు ఫొటోలు కలిసే చోట నడుస్తున్న మనిషి ఉంటే పనోరమాలో సగం మనిషి మిగులుతాడు. బోటు లాగుతున్న మత్స్యకారులు ఉంటే వాళ్లంతా ఒకే ఫ్రేము నడుమ వచ్చేలా తిరగండి. అలలు ఒడ్డున విరిగే చోటు కన్నా రాయో బోటో ఉన్న చోట ఫొటోలు కలిసేలా చూసుకోండి.

7. వరస మొదలుపెట్టే ముందు, ముగిశాక అరచేతిని లెన్సుకు అడ్డంపెట్టి ఒక్కో ఫొటో తీయండి. ఇంటికెళ్లి వందల ఫైళ్ల మధ్య ఏ ఆరు ఒక వరసో వెతుక్కునే బాధ తప్పుతుంది.

కంప్యూటర్ ముందు

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మాటకు వద్దాం. జర్మనీలో ప్రొఫెసర్ హెల్ముట్ డెర్ష్ 1998 నుంచి పనోరమా టూల్స్ అనే పనిముట్లు రాసి అందరికీ అందుబాటులో ఉంచాడు. ఉచితంగా దొరికే హ్యూగిన్, డబ్బుపెట్టి కొనుక్కునే పీటీగుయ్ రెండూ ఆ వేరు నుంచే పెరిగాయి. ఫొటోల మధ్య ఒకేలాంటి బిందువులను యంత్రమే గుర్తుపట్టే పద్ధతిని కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ లో అనే పరిశోధకుడు 1999లో ప్రకటించారు. ఆయన, మాథ్యూ బ్రౌన్ కలిసి దాన్ని పనోరమాలకు వాడి ఆటోస్టిచ్ చేశారు. అంటే చేతిలో పైసా లేని విద్యార్థికీ, డబ్బు పెట్టగల స్టూడియోకూ మధ్య అసలు గణితంలో పెద్ద తేడా లేదు. పీటీగుయ్ వేగంగా పనిచేస్తుంది, ఫొటోలో అక్కర్లేని భాగాలకు ముసుగులు వేయడం అందులో సులువు. రోజుకు నాలుగైదు 360 టూర్లు చేసేవాళ్లకు ఆ డబ్బు గిట్టుబాటే. ఉచితంగా ఇచ్చే ట్రయల్‌లో ఫొటో మీద గుర్తు పడుతుంది కాబట్టి నేర్చుకోవడానికే అది. ఫొటోషాప్, లైట్‌రూమ్ ఇప్పటికే మీ దగ్గర ఉంటే దూరదృశ్యాలకు వాటిలోని పనోరమా సదుపాయమే చాలు. ఏదీ లేనివాళ్లు హ్యూగిన్‌తో మొదలుపెట్టండి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది.

సముద్రం ఉన్న పనోరమాను హ్యూగిన్‌లో ఎలా నడిపించాలో వరసగా చూద్దాం.

1. ముందు చిన్న సైజు జేపెగ్‌లతో పరీక్షించండి. వరస కుదిరిందో లేదో నిమిషాల్లో తేలుతుంది. తర్వాతే పెద్ద ఫైళ్లు.

2. ఫొటోలు ఎక్కించి అలైన్ నొక్కండి. లెన్సు ఫోకల్ లెంగ్త్‌ను ఫొటోలోని సమాచారం నుంచి అదే తీసుకుంటుంది. పాత మాన్యువల్ లెన్సు అయితే మీరే చెప్పాలి.

3. కంట్రోల్ పాయింట్ల పట్టిక తెరవండి. యంత్రానికి అల ఏదో, రాయి ఏదో తెలియదు. మొదటి ఫొటోలోని నురగ చుక్కను తర్వాతి ఫొటోలోని ఇంకో నురగ చుక్కతో జత కడుతుంది. నీటి మీది పాయింట్లన్నీ తీసేయండి. మబ్బుల మీద పడ్డవాటిని ఏరేయడానికి సెలెస్టె అనే పనిముట్టు అందులోనే ఉంది. మిగిలినవాటిలో తేడా ఎక్కువ చూపిస్తున్నవి తొలగించి మళ్లీ ఆప్టిమైజ్ చేయండి.

4. దిగంతం గీత మీద అక్కడక్కడా అడ్డగీత పాయింట్లు పెట్టండి. మామూలు కొండ వంకర పోతే ఎవరూ పట్టించుకోరు, సముద్రం వంకర పోతే చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. తీరప్రాంత పనోరమాలో అందరి కంటా పడే లోపం ఇదే, సరిచేయడానికి పట్టేది అయిదు నిమిషాలు.

5. ప్రొజెక్షన్ ఎంచుకోండి. 120 డిగ్రీల లోపు భవనాలకు రెక్టిలీనియర్, అంతకంటే విశాలమైన తీరానికి సిలిండ్రికల్, గీతలు నిటారుగా ఉంచాల్సిన విశాలమైన కట్టడాలకు పానినీ, 360 టూర్‌కు ఈక్విరెక్టాంగ్యులర్. ఒక్కోటీ నొక్కి చూడండి, ఏది నప్పుతుందో కన్ను చెబుతుంది.

6. 16 బిట్ టిఫ్‌గా భద్రపరచండి. పైన చెప్పిన కెమెరాతో 180 డిగ్రీల పనోరమా 14,000 పిక్సెళ్లకు పైగా వెడల్పు వస్తుంది. 300 డీపీఐ దగ్గర దాదాపు నాలుగడుగుల ప్రింటు. ఒక్క ఫైలే అర జీబీ దాకా ఉండొచ్చు కాబట్టి పాత కంప్యూటర్ నిదానిస్తే కంగారుపడకండి.

తరచుగా జరిగే పొరపాట్లు

1. ఫోన్‌ను చేయి చాచి పట్టుకుని తిప్పడం. మీరు ఇరుసు, ఫోన్ అర మీటరు అవతల. ఇందాకటి ట్రైపాడ్ లెక్కతో పోలిస్తే లెన్సు ఆరు రెట్లు ఎక్కువ జరుగుతుంది. ఫోన్ నిలిచిన చోటే నిలిచి, మీరు దాని చుట్టూ అడుగులు వేయాలి.

2. నడుచుకుంటూ తీయడం. బోట్ల వరస పక్కనే నాలుగేసి అడుగులు వేస్తూ తీసిన ఫొటోలు పనోరమాగా కుదరవు. ఒక్కచోట నిలబడండి.

3. పోలరైజర్ తీయకపోవడం. ఒక్క ఫొటోలో నీలాన్ని అందంగా ముదురుచేసే ఆ ఫిల్టరే విశాలమైన పనోరమాలో ఆకాశం నడుమ నల్లటి పట్టీ వేస్తుంది.

4. అంచు దాకా బిగించి తీయడం. అతికాక అంచులు ఎగుడుదిగుడుగా వస్తాయి, కత్తిరించక తప్పదు. రెండు వైపులా ఒక్కో ఫొటో అదనంగా, పైన కింద కాస్త ఖాళీ ఉంచండి.

5. పనోరమా వచ్చింది కదా అని విడి ఫొటోలు చెరిపేయడం. అన్నిటికంటే ఖరీదైన పొరపాటు ఇదే. చాలామంది ఇష్టంగా వాడిన మైక్రోసాఫ్ట్ ఐస్ అనే పనోరమా సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఆ సంస్థ దగ్గర దొరకదు. ఆటోపానో చేసిన కోలోర్ సంస్థను గోప్రో 2015లో కొని, 2018లో మూసేసింది. సాఫ్ట్‌వేర్లు వస్తాయి, పోతాయి. విడి ఫొటోలు ఉంటే రేపటి మెరుగైన సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ అతికించుకోవచ్చు.

"అయితే..." అనేవాళ్లకు

ఫోన్‌లో పనోరమా బటన్ నొక్కితే క్షణాల్లో వచ్చేస్తుంటే ఇదంతా ఎందుకు అని మీరు అడగవచ్చు. ఇంట్లోవాళ్లకు పంపడానికి ఆ బటన్ చాలు, దాన్ని తక్కువ చేయక్కర్లేదు. కాకపోతే అది ఫోన్ కదులుతుండగా సన్నటి పట్టీలు ఏరి అతికిస్తుంది, అందుకే నడిచే మనిషి సాగిపోతాడో నలిగిపోతాడో అవుతాడు. వెలుగు కూడా మీ చేతిలో ఉండదు. అదే ఫోన్‌లో వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుగు లాక్ చేసి, మెయిన్ లెన్సుతో నిలువుగా ఆరు ఫొటోలు తీసి హ్యూగిన్‌కు ఇవ్వండి. ఫోన్ మారలేదు, పైసా ఖర్చు కాలేదు. ప్రింటు వేయించి రెండూ పక్కపక్కన పెట్టి మీరే తేల్చుకోండి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. సాఫ్ట్‌వేర్ ఇప్పుడు చాలా తెలివి మీరింది, విరిగిన గీతను వంచి కలుపుతుంది, ఖాళీ మూలలను తనే నింపుతుంది, మరి తీసేటప్పుడు అంత జాగ్రత్త ఎందుకు? నిజమే, ఇసుక మూల కాస్త నింపినా, ఆకాశం అంచు పూడ్చినా ఎవరికీ నష్టం లేదు. కానీ నింపడం అంటే కెమెరా చూడనిదాన్ని ఊహించి గీయడం. మారిపోతున్న ఊరికి సాక్ష్యంగా తీసే ఫొటోలో లేని చెట్టు మొలిస్తే, ఉన్న పూరిల్లు చెరిగితే ఆ సాక్ష్యానికి విలువేముంది? పెళ్లి ఆల్బమ్‌కు చెల్లే సర్దుబాటు ఊరి రికార్డుకు చెల్లదు. లెన్సును ఒక్కచోట నిలిపితే ఊహించే అవసరమే రాదు.

మూడోది, రెండు లెన్సుల 360 కెమెరా కొంటే ఒక్క నొక్కుతో అయిపోతుంది కదా అనేది. ఒక సందర్భంలో ఇది పూర్తిగా సరైన మాట. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవంలో సిరిమాను గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. వీధి నిండా జనం. అక్కడ ఆరు ఫొటోలు తీసేలోపు మాను ముందుకు వెళ్లిపోతుంది, అతికిస్తే రెండు మానులు వస్తాయి. చుట్టూ ఒకే క్షణంలో పట్టే 360 కెమెరాకే అక్కడ పెద్దపీట. అయితే దాని రెండు లెన్సులు కూడా కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి కాబట్టి అవి కలిసే గీత మీద చేతికందే దూరంలో ఉన్నవాళ్ల భుజమో ముఖమో చీలుతుంది. చిన్న సెన్సరు కావడంతో పెద్ద ప్రింటుకు అంత నిలవదు. ఇక్కడా తీర్పు చెప్పేవి దూరం, కదలికే తప్ప పెట్టె మీది పేరు కాదు.

బయల్దేరే ముందు

శాలిహుండం, శ్రీముఖలింగం లాంటి పురావస్తు శాఖ రక్షణలోని చోట్ల ట్రైపాడ్ వాడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకపోతే చేతితోనో, దారం గుండుతోనో పని నడపండి. డ్రోన్‌తో పనోరమా తీయాలనుకుంటే 2021 డ్రోన్ నియమాలు చదివి, డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు ఏ జోన్‌లో ఉందో ఎగరేసే రోజే చూసుకోండి. విమానాశ్రయం చుట్టూ ఆకాశం మీద ఆంక్షలుంటాయి, బరువు తక్కువ డ్రోన్ అయినంత మాత్రాన అవి తొలగిపోవు. మనుషుల్ని తీసేటప్పుడు ఒక మాట అడిగి తీయండి. బోటు దగ్గర పనిలో ఉన్నవాళ్లు కాదనడం తక్కువ, అడగకుండా తీస్తే నొచ్చుకోవడం ఎక్కువ.

ఈ వారం మీకొక పని. మీ ఊళ్లో మూడు చోట్లు ఎంచుకోండి. ఒకటి అన్నీ దూరంగా ఉన్నది, ఒకటి నడిమి దూరంది, ఒకటి చేతికందే గోడలున్నది. మూడింటినీ ఇప్పుడు మీ దగ్గరున్న ఫోన్‌తోనో కెమెరాతోనో, కొత్తగా ఏమీ కొనకుండా తీసి హ్యూగిన్‌లో అతికించండి. మొదటిది చక్కగా వస్తుంది. రెండోది కాస్త తడబడుతుంది, దారం కట్టి మళ్లీ తీస్తే కుదురుతుంది. మూడోది విరుగుతుంది. ఎక్కడ, ఎంత విరిగిందో పెద్దది చేసి చూడండి. మీరు ఎక్కువగా తీయబోయేది ఆ మూడో రకమే అయితే హెడ్‌కు డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టండి. కాకపోతే ఆ డబ్బుతో మంచి హార్డ్‌డిస్క్ కొని, తీసిన ప్రతి వరసనూ ఊరి పేరు, తేదీ, నిలబడ్డ చోటు రాసి దాచండి. ఏడాదికొకసారి అదే చోట నిలబడి, అదే లెన్సుతో మళ్లీ తీయండి. అయిదేళ్లు తిరిగేసరికి భోగాపురం ఎలా మారిందో వరస తప్పకుండా చూపించగల ఫొటోలు మీ దగ్గర ఉంటాయి. వాటిని మీ ఊరి బడికో, గ్రంథాలయానికో ఒక కాపీ ఇవ్వండి.